ఆటో బయల్దేరే లోపు

ఆ బెంచీ మీద సర్దుకుని కూర్చోండి. కిటికీకి కాస్త ఎడంగా. ఆ రెక్కకి గడియ పడదు, గాలి వచ్చినప్పుడల్లా ఠపామని కొట్టుకుంటోంది. అవనిగడ్డ దాటి సముద్రం వైపు వస్తే తగిలే మండలాల్లో ఒకదాని తహసీల్దారు ఆఫీసు ఇది. నవంబరు నెలాఖరు, పొద్దున పదకొండు దాటింది. బయట చినుకు పడీ పడనట్టుంది. ఏ తుపాను, ఏ సంవత్సరం అని అడక్కండి. దివిసీమలోనే కాదు, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ తుపానుకైనా ఇలాంటి గదుల్లో ఇలాంటి మనుషులే కూర్చుంటారు. అందుకే ఎవరికీ పేర్లు పెట్టడం లేదు.

కంప్యూటర్ ముందున్న కుర్రాడు పంచాయతీ సెక్రటరీ. ఉద్యోగంలో చేరాక అతనికిదే మొదటి తుపాను. వెనక నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్న పెద్దాయన వీఆర్వో, రిటైర్మెంటు దగ్గర పడింది. గుమ్మం బయట ఆటో. దాని నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్ గొట్టాలు, వెనక సీట్లో ఆంప్లిఫయరు, బ్యాటరీ. మామూలు రోజుల్లో బట్టల షాపు ఆఫర్లు, ఎన్నికలొస్తే అభ్యర్థి గుర్తు చెబుతూ తిరిగే బండి. ఇవాళ సర్కారు పని. "కాగితం ఇస్తే బయల్దేరతాను సార్" అని డ్రైవరు మళ్ళీ లోపలికి తొంగి చూశాడు.

సెక్రటరీ ప్రింటు తీసి గొంతు సవరించుకున్నాడు. మీరూ వినండి.

"ప్రజలకు ముఖ్య గమనిక. నైరుతి బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర తుపాను గడచిన ఆరు గంటలుగా గంటకు 11 కిలోమీటర్ల వేగంతో వాయవ్య దిశగా పయనిస్తూ, మచిలీపట్నానికి ఆగ్నేయంగా 290 కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉన్నది. ఇది రేపు మధ్యాహ్నం తీరం దాటే అవకాశం ఉన్నందున గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 110 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీచే అవకాశం ఉన్నది. కావున లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలసినదిగాను, సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్ళవలసినదిగాను ఇందుమూలముగా తెలియజేయడమైనది."

తప్పు పట్టడానికేం లేదు. అంకెలు సరిగ్గా ఉన్నాయి, వాక్యాలు అతికినట్టున్నాయి. విశాఖపట్నం తుపాను హెచ్చరిక కేంద్రం బులెటిన్‌ని బుద్ధిగా తెలుగు చేశాడు కుర్రాడు. వీఆర్వో తలూపాడు. సంతకం పెట్టారు, స్టాంపు కొట్టారు, రిజిస్టర్లో టైము వేశారు. ఎక్కండి, ఆంప్లిఫయరు పక్కన మీకూ చోటుంది.

రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు, తిరుగుతున్న ఏరేటర్లు. చెరువులు దాటితే తాళ్ళు, తాళ్ళు దాటితే పాయ. పాయ ఒడ్డున రెండు వీధులు, తాటాకు పాకలూ రేకుల ఇళ్ళూ, నడుమ ఎక్కడో ఓ శ్లాబు ఇల్లు. ఆరబెట్టిన చేపల్ని ఆడవాళ్ళు హడావిడిగా బస్తాలకెత్తుతున్నారు. వాన వస్తుందని వాళ్ళకి ఒకరు చెప్పాలా? గాలి ఎటు తిరిగిందో పొద్దున్నే చూసుకున్నారు. డ్రైవరు మైకు ఆన్ చేశాడు. గొట్టం కీచుమంది, ఆ తర్వాత సెక్రటరీ గొంతు.

ఇప్పుడు ఆటోలోంచి కాదు, ఆ మొదటి పాక గుమ్మంలో నిలబడి వినండి. ఆటో కదులుతూనే ఉంటుంది కాబట్టి ఒక గుమ్మానికి మాట స్పష్టంగా అందేది కొద్ది సెకన్లే. మొదటి ఇంటికి "నైరుతి బంగాళాఖాతంలో ఏర్పడిన" దాకా వినబడింది. మూడో ఇంటికి "ఆగ్నేయంగా 290 కిలోమీటర్ల". ఆరో ఇల్లు వచ్చేసరికి "అప్పుడప్పుడు 110". వీధి మలుపులో కిళ్ళీ కొట్టు దగ్గరున్న నలుగురికి దక్కింది "ఇందుమూలముగా తెలియజేయడమైనది".

కొట్టు ముందు కూర్చున్న ముసలాయన 290 ఒక్కటీ పట్టుకున్నాడు. "హైదరాబాదు ఎంత దూరమో దాదాపు అంత దూరాన ఉందంట్రా ఇంకా" అన్నాడు తేలిగ్గా. పక్కనున్నవాళ్ళు కూడా కాస్త స్థిమితపడ్డారు. భయపెట్టాల్సిన అంకె భరోసా ఇచ్చింది. ఎదురింటావిడ బస్తా మూతి కడుతూ డ్రైవర్నే అడిగింది.

"ఇంతకీ ఏంటంట బాబూ?"

"తుపానంట పిన్నీ, జాగర్తగా ఉండమంటన్నారు."

"ఉంటాంలే" అని ఆవిడ రెండో బస్తా అందుకుంది.

అందులో వెటకారం లేదు. చెప్పింది విన్నది, ఒప్పుకున్నది. జాగ్రత్తగా ఉండమన్నారు, ఉంటుంది. ఇంతకంటే ఆవిడ ఏం చెయ్యాలో ఆ కాగితం రాసినప్పుడు ఆఫీసులో ఎవరూ అనుకోలేదు.

ఒంటిగంటకి తిరిగొచ్చేసరికి దారిలో హైస్కూలు కనిపిస్తుంది. దిగి చూడండి. తరగతి గదుల్లో బెంచీలు గోడకి జరిపి పట్టాలు పరిచారు. వరండాలో గంగాళం నిండా పులిహోర, దాని మీద అరిటాకు మూత. వంటవాళ్ళు ఇద్దరు, కుక్క ఒకటి. వచ్చిన జనం అంటే వంటావిడ మనవరాలే.

డిప్యూటీ తహసీల్దారు జీపు దిగింది. రాత్రంతా ఇంకో ఊళ్ళో ఉండి వచ్చినట్టుంది, చెప్పులకి బంకమట్టి. నలభై దాటిన మనిషి. వీఆర్వో ఎదురెళ్ళాడు.

"చెప్పించాం మేడం. మూడు రౌండ్లు తిరిగింది. రిజిస్టర్లో టైములతో సహా రాశాం. గ్రూపులో ఫొటోలు కూడా పెట్టాం."

"ఎంతమంది వచ్చారండీ?"

వీఆర్వో పులిహోర గంగాళం వైపు చూశాడు.

నన్నడిగితే పొద్దున రాసిన కాగితానికి ప్రయోజనం లేకపోలేదు. ఉంది, బహు బాగా నెరవేరింది కూడా. రేపు ఏదన్నా జరిగి పైనుంచి విచారణ వస్తే 'మేం ముందే చెప్పాం' అని చూపించడానికి ఆ కాగితం చక్కగా సరిపోతుంది. తారీకుంది, టైముంది, ఫొటో ఉంది. దాన్ని రాసింది పాయ ఒడ్డు వీధి కోసం కాదు, ఇంకా వెయ్యని విచారణ కమిటీ కోసం. రాసిన కుర్రాడికి ఆ సంగతి తెలియదు పాపం. ఆఫీసు భాష ఎవరి చేత్తో రాయించినా అటే లాక్కుపోతుంది. మన సభల్లో చూడండి. రెండు మాటలు చెప్పి ముగిస్తానని లేచిన వక్త నలభై నిమిషాలకీ కూర్చోడు. ఆయన దగ్గర విషయం లేకా కాదు, గొంతు లేకా కాదు. తాను కూర్చున్నాక ఎదురుగా ఉన్నవాళ్ళకి ఏం జరగాలో అనుకోకుండా లేచాడు. ఆగాల్సిన చోటు ఎలా తెలుస్తుంది?

ఆ బులెటిన్‌ని తక్కువ చేయడం కాదిది. పుట్టిన చోట దానంత పనికొచ్చే రాత ఇంకోటి లేదు. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్రం, 222 దాటితే సూపర్ సైక్లోన్. ఆ మెట్లు చూసి కలెక్టరు ఎన్ని బస్సులు కావాలో లెక్కేస్తాడు, కరెంటోళ్ళు స్తంభాలెన్ని సిద్ధం చేయాలో చూసుకుంటారు. దిక్కూ వేగమూ లేకపోతే వాళ్ళ పని సాగదు. పేపర్లో మనం చదివే 'మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' కూడా అంతే. రేవు సంకేతాలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. పగలు స్తంభానికి నల్లటి శంకువులూ పీపాల్లాంటివీ ఎగరేస్తారు, రాత్రి ఎర్ర దీపాలూ తెల్ల దీపాలూ. 8, 9, 10 అన్నీ మహా ప్రమాదాలే. తుపాను రేవుకి ఏ పక్కనుంచి దాటుతుందో, లేక రేవు మీంచే పోతుందో చెప్పడానికి మూడు నంబర్లు. 11 అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఒక్క అక్షరం లేకుండా ఓడ కెప్టెనుకి అన్నీ చెప్పే భాష అది. లంగరు ఎత్తాలా, సముద్రంలోకి పోవాలా, ఉన్నచోటే తాళ్ళు బిగించాలా అన్నది తేల్చుకోవడానికే దాన్ని పుట్టించారు. ఆ నంబరే టీవీలో ఎర్ర అక్షరాల్లో తిరిగినప్పుడు, మూడు కంటే పది పెద్దదని తప్ప పాయ ఒడ్డు మనిషికి తెలిసేదేం లేదు.

సరే, గదిలోకి రండి. డిప్యూటీ తహసీల్దారు కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దుటి కాగితం చదివింది. కోప్పడుతుందని సెక్రటరీ బిగుసుకుపోయాడు. ఆవిడ కాగితం తిరగేసి, వెనక తెల్లగా ఉన్న వైపు పెన్ను ఆనించింది.

"ఆటో వెళ్ళిపోయాక ఎవరు ఏం చెయ్యాలి? అది చెప్పు ముందు."

"ప్రజలు సురక్షిత ప్రాంతాలకు..."

"ఏ ప్రజలు? ఊరంతా వస్తే స్కూలు పడుతుందా?"

కుర్రాడు ఆలోచనలో పడ్డాడు. పెద్ద ఊళ్ళో శ్లాబు ఇళ్ళవాళ్ళు కదలక్కర్లేదు, తలుపులేసుకుని ఇంట్లో ఉంటే చాలు. కదలాల్సింది ఆ రెండు వీధులే. పోటు పెరిగితే నీళ్ళొచ్చేదీ వాళ్ళ ఇళ్ళలోకే, గాలికి లేచిపోయేదీ వాళ్ళ కప్పులే.

"ఎప్పటికల్లా?"

"రేపు మధ్యాహ్నం దాటుతుంది కదా మేడం, రేపు పొద్దున..."

"రేపు పొద్దున గాలిలో ముసలమ్మల్ని ఎత్తుకొస్తావా?" అంది కానీ గొంతులో చిరాకు లేదు. పెన్నుతో రాసుకుంది: ఇవాళే, చీకటి పడేలోపు.

తర్వాత వీఆర్వో వైపు తిరిగింది. "వాళ్ళెందుకు రాలేదండీ? మీకు తెలుసు."

ఆయనకి నిజంగానే తెలుసు. పొద్దున్నుంచీ ఆ మాట అడిగినవాళ్ళు లేరు, అంతే. "మేకలండీ. మేకల్ని ఎక్కడ కడతారు? ఆ చివర ఆరిళ్ళకి అవే ఆధారం. బోట్లు రేవులోనే ఉన్నాయి, మగాళ్ళు వాటిని వదిలి రారు. పోయినసారి స్కూల్లో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి నీళ్ళు లేవు, అది ఎవరూ మర్చిపోలేదు. పెళ్ళీడు పిల్లలున్న తల్లులు ముందు అదే అడుగుతారు. ఇంకా..." కాస్త ఆగాడు. "రెండేళ్ళ కిందట ఇలాగే తరలించాం కదండీ. తుపాను అటు తిరిగిపోయింది. చినుకు పడలేదు. ఈలోపు ఎవరిదో గ్యాస్ బండ పోయింది."

గమనించారా, ఇంతవరకూ ఒక్క వాక్యం రాయలేదు. అయినా ప్రకటన సగం తయారైంది.

సెక్రటరీ ఉత్సాహంగా ముందుకొంగాడు. "మేడం, ఒక్క మాట చేరిస్తే అందరూ పరిగెత్తుకొస్తారు. ఉప్పెన వస్తోందని చెబుదాం."

గదిలో వాతావరణం మారింది. వీఆర్వో కళ్ళద్దాలు మళ్ళీ తీశాడు. 1977 నవంబరు 19 శనివారం నాటికి ఆయన ఆరో తరగతి. ఆ సాయంత్రం సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది. ఆ పేర్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఎవరూ మామూలుగా పలకరు. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్ళు పదివేల దరిదాపు. ఆయన ఆ రోజు గురించి మాట్లాడే మనిషి కాదు. ఇవాళ ఒక్క ముక్క అన్నాడు: "మా నాన్నకి గాలి సంగతి తెలుసండీ. తాళ్ళు బిగించుకున్నాడు, పాక మీద బరువులు పెట్టాడు. నీళ్ళొస్తాయని తెలీదు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డిప్యూటీ తహసీల్దారు అంది: "బులెటిన్‌లో మామూలు పోటు కంటే మీటరు ఎక్కువని ఉంది. అది ఉప్పెన కాదు. ఆ మాట ఇవాళ వాడేస్తే, నిజంగా వచ్చే రోజున మన దగ్గర మాట ఉండదు."

కుర్రాడికి కాస్త చిన్నబోయినట్టయింది. ఇక్కడ నేను ఆవిడ పక్షమే, కానీ అతని వాదన అంత తీసిపారేసేదీ కాదు. భయం పనిచేస్తుంది, తొందరగా పనిచేస్తుంది. మనుషుల్ని కదిలించడమొక్కటే పనైతే అతనన్నది రైటే. ఆవిడ లెక్కలో ఇంకోటి కూడా ఉంది: వచ్చే నవంబరులో కూడా ఇదే ఆటో ఇదే వీధిలో తిరగాలి. ఇవాళ్టి మాట వల్ల అప్పటి మాట చెల్లకుండా పోకూడదు. ఒక ప్రకటనకి రెండు ప్రయోజనాలు ఉండొచ్చు. ఏది ఎంతవరకో రాసేవాడికి తెలిసుండాలి.

"మీటరు అంటే వాళ్ళకి ఎలా చెబుదాం?" అని వీఆర్వోనే అడిగింది.

"అమావాస్య పోటుకి నీళ్ళు రేవు మెట్ల దాకా వస్తాయండీ. దాని మీద మీటరంటే రామాలయం అరుగు మునుగుద్ది."

ఆవిడ అది యథాతథంగా రాసుకుంది. తర్వాత పావుగంటలో ఫోన్లు వరసగా. స్కూలు వెనక సైకిల్ షెడ్డు మేకలకి. ట్యాంకరు నీళ్ళు, మరుగుదొడ్లకి బకెట్లు. రెండు ట్రాక్టర్లు. ఇళ్ళ మీద కన్నేసి ఉంచడానికి ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఇవన్నీ దొరికాకే ఆవిడ ప్రకటన రాయడం మొదలుపెట్టింది. ట్రాక్టరు లేకుండా ట్రాక్టరు వస్తుందని రాయలేరు కదా.

ఆ మధ్యలోనే ఆటోకి రెండో కాగితం కూడా తయారైంది. ఎగువన వరి చేలున్న ఊళ్ళకి వేరే మాట చెప్పాలి. అక్కడ ఎవరూ ఇల్లు వదలక్కర్లేదు, పంట దక్కాలి. వ్యవసాయ సహాయకుడు ఫోన్లోనే చెప్పాడు: నిలబడి ఉన్న చేను ఇప్పుడు కోయొద్దు. కోసి పనల మీదున్నది ఈ సాయంత్రంలోగా కుప్ప వేసుకోండి. కల్లంలో ధాన్యముంటే పట్టా కప్పండి. వాన వెలిశాక తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లండి, మొలకెత్తకుండా ఉంటుంది. తుపాను అన్న మాట అందులో ఒక్కసారి వచ్చింది. ఈ కాగితం పాయ ఒడ్డున చదివితే నవ్వుతారు, పాయ ఒడ్డుది అక్కడ చదివితే చేలు వదిలి స్కూలుకొస్తారు. పొద్దున మాత్రం రెండు చోట్లా ఒకటే చదివారు.

రెండున్నరకి పాయ ఒడ్డు కాగితం ఇలా తేలింది:

"రేవు వీధి, రామాలయం వీధి వాళ్ళు వినండి. ఈ రాత్రి మీ ఇళ్ళలో పడుకోవద్దు. పోటుకి నీళ్ళు రామాలయం అరుగు దాకా వస్తాయి. చీకటి పడకముందే హైస్కూలుకి రండి. నాలుగింటికి రామాలయం దగ్గరికి ట్రాక్టర్లు వస్తాయి. పెద్దవాళ్ళని, పిల్లల్ని అందులో ఎక్కించండి. మేకల్ని తోలుకురండి, షెడ్డు ఇచ్చాం. ఆధార్ కార్డు, పాసుబుక్కు, మందులు కవర్లో చుట్టి తెచ్చుకోండి. నీళ్ళున్నాయి, భోజనం ఉంది. ఇళ్ళకి పోలీసు కాపలా ఉంది."

"మేడం, తుపాను పేరు కూడా లేదు ఇందులో" అన్నాడు సెక్రటరీ. తాను కష్టపడి తెలుగు చేసిన వాయవ్యమూ ఆగ్నేయమూ పోయినందుకు అతనికి దిగులుగానే ఉంది. రాసేవాళ్ళందరికీ తెలిసిన దిగులే అది. సేకరించిందంతా పెట్టకపోతే కష్టం వృథా అయినట్టుంటుంది. వినేవాడికి మన కష్టంతో పనిలేదు.

"పేరు టీవీలో చెబుతున్నారుగా" అని ఆవిడ లేచింది. డ్రైవరుకి ఒకటే చెప్పింది: బండి కదులుతుండగా చదవొద్దు. ప్రతి పది గుమ్మాలకీ ఆపు, ఇంజను కట్టెయ్యి, రెండుసార్లు చదువు, అప్పుడు కదులు.

మనం ముందుగా రామాలయం దగ్గరికి నడుద్దాం. గాలి కొంచెం పెరిగింది, తాటి మట్టలు గలగలమంటున్నాయి. దారిలో ఒక టీవీ విలేఖరి రెయిన్‌కోటు వేసుకుని రేవు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు, వెనక పెద్ద కెరటం పడేదాకా కెమెరామన్ ఆగమంటున్నాడు. అతన్ని వెక్కిరించబుద్ధి కావడం లేదు. తన ప్రేక్షకుడు చానెల్ మార్చకూడదు, అదీ అతని పని, అతనికి అది స్పష్టంగా తెలుసు.

అరుగు మీద కులపెద్ద కూర్చున్నాడు. ఇక్కడ పెద్దలు దురాయి వేస్తే వేటకెవరూ వెళ్ళరు, అంత చెల్లుబాటు. మైకులో మీరు చెబితే బాగుంటుందని డిప్యూటీ తహసీల్దారు అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాకు చదువు రాదమ్మా. కాగితం నా వల్ల కాదు."

ఆవిడ కాగితం ఇవ్వలేదు. "మీరు మాట్లాడటం ఆపేసరికి ఆడవాళ్ళు మూటలు కట్టడం మొదలుపెట్టాలి. ఎలా చెబుతారో మీ ఇష్టం" అంది.

ఆయన మైకు తీసుకున్నాడు. మొదలుపెట్టడం డీజిలు సబ్సిడీ దగ్గర మొదలుపెట్టాడు. అది ఎన్నాళ్ళుగా రావట్లేదో, ఎవరెవరిని అడిగాడో, ఎవరు ఏమన్నారో. సెక్రటరీ గడియారం చూసుకుంటున్నాడు. జనం మాత్రం పోగయ్యారు, ఎందుకంటే అది వాళ్ళ మాట. అంతలో వెనక నుంచి ఆయన భార్య గట్టిగా కేకేసింది: "అది తర్వాత చెప్పుకోవచ్చు గానీ, అసలు సంగతి చెప్పయ్యా!" అందరూ నవ్వారు, ఆయన కూడా.

తర్వాత నిమిషం కూడా మాట్లాడలేదు. తన ఇంటివాళ్ళని మొదటి ట్రాక్టర్లో పంపుతున్నానన్నాడు. బోట్లన్నీ ఇప్పుడే పాయ లోపలికి తెచ్చి మడ చెట్లకి రెట్టింపు తాళ్ళతో కట్టేద్దాం, తాడు లేనివాళ్ళు తన దగ్గర తీసుకోండి అన్నాడు. కట్టాక రేవులో ఒక్క మగాడు కూడా ఉండకూడదు. "బోటు పోతే మళ్ళీ కొనుక్కుంటాం" అనబోయి, ఆ అప్పు తీర్చడం ఎంత కష్టమో ఎదురుగా ఉన్నవాళ్ళకి తెలుసు కాబట్టి కాబోలు, వాక్యం మధ్యలో వదిలేశాడు. మైకు దించి లుంగీ ఎగగట్టి తానే రేవులోకి దిగాడు. కుర్రాళ్ళు వెనకే కదిలారు.

పొద్దున బస్తా కట్టిన ఆవిడ గుర్తుందిగా? ఆటో ఆవిడ గుమ్మం ముందు ఆగి, ఇంజను కట్టేసి, కాగితం రెండుసార్లు చదివింది. ఆవిడ డ్రైవర్ని ఈసారి ఇంకో ప్రశ్న అడిగింది: "మేకకి డబ్బులేం తీసుకోరుగా?" తీసుకోరన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి చాప చుట్టడం మొదలుపెట్టింది.

నాలుగు దాటాక మొదటి ట్రాక్టరు కదిలింది. అందరూ వచ్చేశారని చెప్పను. కిళ్ళీ కొట్టు ముసలాయన రాలేదు. 290 కిలోమీటర్లు ఇంకా ఆయన మనసులో అలాగే ఉంది. వీఆర్వో స్వయంగా వెళ్ళి పక్కన కూర్చుని బీడీ ఇచ్చి, 'రేపు పొద్దున నిన్ను మోసుకెళ్ళాల్సింది నేను, నా నడుం సంగతి నీకు తెలుసుగా' అన్నాక కానీ లేవలేదు. మైకుతో అయ్యేది కొంతే. ఇంకో ఇద్దరు ముగ్గురు చీకటి పడ్డాక వానలో తడుస్తూ వచ్చారు. ఒక ఇల్లు అస్సలు రాలేదు, దానికి కానిస్టేబులు రెండుసార్లు తిరిగాడు.

1977 తర్వాత ఈ తీరంలో చాలా మారాయి. తుపాను షెల్టర్లు కట్టారు, ఉపగ్రహాలు వచ్చాయి. 1990 మే 9న దాదాపు అంతటి భీకరమైన తుపాను మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం తాకింది. అప్పుడు ముందే పెద్ద ఎత్తున జనాన్ని ఖాళీ చేయించారు. మరణాలు వెయ్యిలోపే ఆగాయి. ఎక్కువే, కాదనను. పదివేల పక్కన పెట్టి చూడమంటున్నాను. అన్ని వేలమందిని గుమ్మాలు దాటించిన మాటల్ని ఎవరూ దాచిపెట్టలేదు. బులెటిన్లు మాత్రం అన్నీ ఫైళ్ళలో భద్రంగా ఉంటాయి.

రాత్రి తొమ్మిది. స్కూల్లో కరెంటు పోయింది. సెల్‌ఫోన్ల వెలుగులో అన్నాలు పెడుతున్నారు, సైకిల్ షెడ్డులో మేకలు గోల. జిల్లా కంట్రోల్ రూము నుంచి రిపోర్టు అడుగుతున్నారు. సెక్రటరీ తన ఫోన్లో టైపు చేసి చూపించాడు: "తీవ్ర తుపాను దృష్ట్యా మండల యంత్రాంగం అప్రమత్తమై యుద్ధప్రాతిపదికన చర్యలు చేపట్టి..."

డిప్యూటీ తహసీల్దారు ఫోను తీసుకుంది. "తుపాను సంగతి మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఇది చదివాక వాళ్ళేం చెయ్యాలి మనకి?"

"జనరేటరు పంపాలి" అన్నాడు కుర్రాడు ఈసారి తడుముకోకుండా. "పసిపిల్లలకి పాలు కావాలి. డయాలిసిస్ పేషెంటు ఒకాయన ఉన్నాడు, రేపటికి అంబులెన్సు కావాలి."

"అవే పెట్టు, మూడు లైన్లు."

అతను మొత్తం చెరిపేసి మళ్ళీ కొట్టాడు: స్కూల్లో జనరేటరు లేదు, రాత్రికి కావాలి. పసిపిల్లలకి పాలపొడి కావాలి. డయాలిసిస్ పేషెంటు ఉన్నారు, రేపు ఉదయం ఆరుకి అంబులెన్సు కావాలి. ఆవిడ ఒకసారి చదివి తలూపింది. పంపాడు. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

"ఏ స్కూలండీ? మీ మండలంలో మూడు సెంటర్లున్నాయి. లొకేషన్ పెట్టండి."

వీఆర్వోకి నవ్వు ఆగలేదు. ఆవిడ కూడా నవ్వేసి నాలుక కరుచుకుంది. అప్పటికే కుర్రాడు ఫోను పైకెత్తి పట్టుకుని, సిగ్నలు ఎక్కడ దొరుకుతుందా అని వరండా చివరికి నడుస్తున్నాడు.